కప్పడోకియాలో బస: నాటి వక్ఫ్ సరాయిలు, నేటి గుహ గదులు



ఉమ్రా నుంచి ఇస్తాంబుల్ మీదుగా తిరిగి వచ్చేవారిలో కొందరు ఈమధ్య టర్కీలో మరో మూడు నాలుగు రోజులు ఆగి కప్పడోకియా చూసి వస్తున్నారు. వాళ్లు పంపే బెలూన్ల ఫోటోలు చూసినవాళ్లు ‘అక్కడేముంది, ఎక్కడ దిగాలి?’ అని మమ్మల్ని అడుగుతున్నారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడంతోపాటు ఈ సంచికలో ఈ వ్యాసం వేయడానికి ఇంకో కారణం ఉంది. బాటసారికి పడకా భోజనమూ ఉచితంగా పెట్టే ఏర్పాటు ఒకప్పుడు ఆ ప్రాంతంలో వక్ఫ్ పత్రాల మీద నడిచింది. దానం ఇచ్చే చేతులకు ఆ పత్రాల సంగతి తప్పక ఆసక్తి కలిగిస్తుందని మా నమ్మకం.

ముందు ఊరి సంగతి. కప్పడోకియా అన్నది ఒక ఊరు పేరు కాదు, టర్కీ నడిమధ్య ఉన్న పల్లెసీమ. నెవ్షెహిర్, కైసరి, అక్సరాయ్ పట్టణాల మధ్య పరుచుకుని ఉంది. ఎర్జియస్, హసన్ వంటి అగ్నిపర్వతాలు లక్షల ఏళ్ల క్రితం చిమ్మిన బూడిద పేరుకుని మెత్తని రాయిగా మారింది. పైన గట్టి రాతి పలక ఉన్నచోట కింది మెత్తని రాయి వానకూ గాలికీ అరిగి, టోపీ పెట్టుకున్న స్తంభాల్లా మిగిలింది. స్థానికులు వాటిని ‘పెరి బాజా’లంటారు, అంటే పరీల పొగగొట్టాలు. వాళ్ల ‘పెరి’, మన ఇళ్లలో పిల్లలకు చెప్పే కథల్లోని ‘పరీ’ ఒకటే. ఉలితో చెక్కితే తేలిగ్గా లొంగే రాయి కాబట్టి జనం ఇళ్లు, కొట్టాలు, గోదాములు, ప్రార్థనా స్థలాలు అన్నీ అందులోనే తొలుచుకున్నారు.

గోరెమె దగ్గరి లోయలో 10వ శతాబ్దం మొదలు క్రైస్తవ సన్యాసులు తొలిచిన చర్చీలు ఇప్పుడు బహిరంగ మ్యూజియంగా ఉన్నాయి. వాటిలో ‘చీకటి చర్చి’ అనేదానికి వెలుతురు బాగా తక్కువ. అందుకే గోడల మీది రంగులు మిగిలిపోయాయి. 1985లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దెరింకుయులో భూమి లోపలికి సుమారు 85 మీటర్ల లోతున అంతస్తులుగా దిగిన ఊరు ఉంది. పశువుల కొట్టాలు, బావులు, గాలి గొట్టాలు, లోపలి నుంచి దొర్లించి మూసే గుండ్రటి రాతి తలుపులు, అన్నీ చూడవచ్చు. దారులు ఇరుకు, చాలాచోట్ల నడుము వంచి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని, మూసిన చోట్ల ఊపిరాడని వారిని తీసుకెళ్లవద్దని మా సలహా. కొండల్లో కనిపించే చిన్న చిన్న గూళ్లు పావురాలవి. రెట్ట కోసం, అంటే ద్రాక్షతోటల ఎరువు కోసం, రైతులు పావురాలను సాకేవారు. అవనోస్‌లో కిజిలిర్మాక్ నది ఎర్రమన్నుతో కుండలు చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. హాజీ బెక్తాష్ వలీ దర్గా ఉన్న ఊరు నెవ్షెహిర్ జిల్లాలోనే ఉంది, దర్గా 1964 నుంచి మ్యూజియంగా నడుస్తోంది.

ఇక అసలు విషయం. 13వ శతాబ్దంలో ఈ ప్రాంతం సెల్జూక్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. కోన్యా, అక్సరాయ్, కైసరి మీదుగా వర్తకుల బిడారులు నడిచేవి. ఒంటెల బిడారు ఒక రోజులో నడవగలిగేంత దూరానికి, అంటే సుమారు 30 నుంచి 40 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఆ దారుల్లో సరాయిలు కట్టించారు. టర్కీలో వీటిని ‘హాన్’ అంటారు. అక్సరాయ్ దగ్గరి సుల్తాన్ హాన్‌ను 1229లో సుల్తాన్ అలావుద్దీన్ కైఖుబాద్ కట్టించాడు. కోటగోడ లాంటి ప్రహరీ, చెక్కడాలతో నిండిన ఎత్తయిన ద్వారం, లోపల పెద్ద వాకిలి, వాకిలి మధ్యలో నాలుగు కమానుల మీద నిలిపిన చిన్న మస్జిదు, వెనక చలికాలం కోసం కప్పున్న విశాలమైన శాల ఉంటాయి. వాకిలిలో ఒంటెలూ గుర్రాలూ తిరుగుతుంటాయి కాబట్టి నమాజు చోటును వాటికి అందకుండా పైకి లేపారు. ఆ ఆలోచన మాకు ఎంతో నచ్చింది.

వీటిలో దాతలు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది కైసరికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, మలాత్యా దారిలో ఉన్న కరతాయ్ హాన్. కట్టించినవాడు జలాలుద్దీన్ కరతాయ్. బానిసగా వచ్చి, సుల్తానుల కొలువులో అత్యున్నత పదవుల దాకా ఎదిగిన మనిషి. 1240 ప్రాంతంలో పూర్తయిన ఈ సరాయి వక్ఫ్ పత్రం నేటికీ మిగిలి ఉంది. వచ్చిన ప్రతి బాటసారికీ, ముస్లిమైనా కాకపోయినా, మగవారైనా ఆడవారైనా, స్వతంత్రులైనా బానిసలైనా, ఒకే రకంగా రొట్టె, మాంసం, వండిన కూర పెట్టాలని అందులో రాసి ఉంది. జుమా రాత్రి తేనెతో చేసిన హల్వా పంచాలి. జబ్బుపడినవారికి వైద్యం చేయించాలి. చెప్పులు లేని పేదలకు చెప్పులివ్వాలి. పశువులకు మేత వేయాలి, గుర్రాలకు నాడాలు కొట్టించాలి.

ఇంత ఖర్చు ఎక్కడి నుంచి వచ్చేది? దాత కట్టడం ఒక్కటే కట్టించి వదిలేయలేదు. దానికి ఆదాయం వచ్చే ఆస్తులను రాసిచ్చాడు. లెక్కలు చూసే ముతవల్లీ, ఇమాము, ముఅజ్జిన్, వంటవాడు, నిలవలు చూసేవాడు, అతిథులను ఆదరించేవాడు, వీళ్లందరి జీతాలూ ఆ ఆదాయంలోంచే నడిచేవి. భవనానికి విరాళాలు పోగుచేయడం సులువనీ, దాన్ని ఏటేటా నడిపే ఖర్చుకు చేతులు వెనకాడతాయనీ సంస్థలు నడిపే మాకు బాగా తెలుసు. ఆనాటివారు ముందు ఆలోచించినది ఆ రెండోదాని గురించే.

ఇస్లాం ప్రకారం అతిథి హక్కు మూడు రోజులని మనకు తెలుసు. ఈ సరాయిల్లో కూడా మూడు రోజుల బస ఉచితమనే ఆచారం ఉండేది. టర్కీ భాషలో ఈనాటికీ ‘మిసాఫిర్’ అంటే అతిథి అనే అర్థం. మన ఉర్దూలో అదే మాటకు ప్రయాణికుడని అర్థం. మన ప్రాంతానికీ ఈ సంప్రదాయం కొత్త కాదు. హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే పాత దారిలో హయత్‌నగర్ మస్జిదు చుట్టూ ఉన్న కమానుల గదులు కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయే. షేక్‌పేట సరాయి కూడా అలాంటిదే.

తర్వాత సముద్ర మార్గాలు పెరిగాయి, బిడారులు తగ్గాయి, ఆదాయ ఆస్తులు చెదిరాయి. చాలా హాన్‌ల రాళ్లు చుట్టుపక్కల ఊళ్ల ఇళ్లలోకి చేరాయి. అవనోస్ దగ్గర 1249లో కట్టిన సారీ హాన్‌ను మరమ్మతు చేసి, ఇప్పుడు సాయంత్రాలు పర్యాటకులకు టిక్కెట్టు పెట్టి దర్వేషుల సమా ప్రదర్శన చూపిస్తున్నారు. ఉచిత బస ఉన్నచోట టిక్కెట్టు కిటికీ రావడం మనసుకు కాస్త కష్టమే. అయినా కప్పు కూలకుండా నిలిచింది.

నేటి బస సంగతికి వస్తే, గుహ గదులే ఇక్కడి ప్రత్యేకత. వాటి వెనక ఖాళీ అయిన ఇళ్ల కథ ఉంది. 1923 నాటి జనాభా మార్పిడి ఒప్పందంతో ఇక్కడి గ్రీకు క్రైస్తవ కుటుంబాలు గ్రీసుకు వెళ్లిపోయాయి. 1950లలో కొండ రాళ్లు విరిగిపడుతున్నాయని జెల్వె గ్రామాన్ని ప్రభుత్వమే ఖాళీ చేయించింది. తర్వాత పర్యాటకులు పెరిగి, పాత ఇళ్లు కొన్ని ‘పాన్సియోన్’లుగా, అంటే ఇంటివాళ్లే నడిపే చిన్న బసలుగా, మరికొన్ని ఖరీదైన హోటళ్లుగా మారాయి. మీరు వెళితే పాన్సియోన్‌లో దిగమంటాం. మీరిచ్చే డబ్బు ఆ ఊరి కుటుంబానికే అందుతుంది, పొద్దున్నే వాళ్ల ఇంటి పెరుగు, ఆలివ్ కాయలు, ద్రాక్ష పాకం ముందుంటాయి.

గది తీసుకునే ముందు కిటికీ ఉందో లేదో అడగండి. పూర్తిగా తొలిచిన గది ఎండాకాలం చల్లగానే ఉంటుంది, కాని కిటికీ లేకపోతే చెమ్మ వాసన వస్తుంది. గుహ గది పేరుతో రాతితో కట్టిన మామూలు గదులు కూడా ఇస్తారు, అది ముందే తేల్చుకోవాలి. గోరెమెలో సందడి ఎక్కువ. కుటుంబంతో వెళ్లేవారికి ఉచిసార్, ఒర్తాహిసార్ కాస్త నెమ్మదిగా ఉంటాయి. మాంసం హలాలే దొరుకుతుంది. కాని ఇది ద్రాక్షసారాయి తయారయ్యే ప్రాంతం కాబట్టి చాలా హోటళ్లలో మద్యం ఉంటుంది, వద్దనుకునేవారు ముందే కనుక్కోవాలి. చలికాలం మంచు పడుతుంది. బెలూన్లు గాలి అనుకూలిస్తేనే ఎగురుతాయి, అనుమతి ఇచ్చేది పౌర విమానయాన అధికారులు. అందుకే రెండు మూడు ఉదయాలు చేతిలో ఉంచుకోండి.

విమానాశ్రయాలు కైసరి, నెవ్షెహిర్ రెండుచోట్లా ఉన్నాయి. కైసరిలో దిగితే, సుల్తాన్ భార్య మహ్‌పరీ ఖాతూన్ 1238లో కట్టించిన హునాత్ ఖాతూన్ మస్జిదు, మదరసా ఊరి మధ్యలోనే ఉన్నాయి. కరతాయ్ హాన్‌కు ఒక పూట కారు మాట్లాడుకుంటే సరిపోతుంది. చాలా యాత్రా కంపెనీల పట్టికలో అది ఉండదు, మీరే అడగాలి.