దోస్త్‌లో ఆప్షన్ల వరుసే కీలకం.. తొందరపడితే నచ్చని సీటే!

వికారాబాద్: ఇంటర్ పాసైన నవాబుపేట విద్యార్థి డిగ్రీ సీటు కోసం ఒక్కో కాలేజీ చుట్టూ తిరగక్కర్లేదు. వికారాబాద్, తాండూరు, హైదరాబాద్.. దోస్త్ పరిధిలోని ఏ కాలేజీకైనా దరఖాస్తు ఒక్కటే. 2016లో వచ్చిన ఈ ఆన్‌లైన్ విధానంలో సీటు ఎలా వస్తుందో తెలియక చాలామంది నచ్చని కోర్సులో చేరే ప్రమాదం ఉంది.

సీటు ఎలా ఇస్తారు?
ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, వెబ్ ఆప్షన్ల వరుస చూసి సాఫ్ట్‌వేర్ సీటు కేటాయిస్తుంది. మొదటి ఆప్షన్‌లో సీటు దొరికితే రెండోది చూడదు. బీకాం కావాలనుకునే అమ్మాయి పైన బీఎస్సీ పెడితే, అక్కడ సీటుంటే బీఎస్సీయే వస్తుంది.

ఏ కోర్సు మంచిది?
అది దోస్త్ చెప్పదు. అందుకే లెక్చరర్లను అడగాలి. కేంద్రం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ కెరీర్ సమాచారం ఉంటుంది. రోజూ బస్సులో వెళ్లగలరా, హాస్టల్ ఖర్చు భరించగలరా అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. ఆప్షన్ల లిస్టు కాగితం మీద రాసుకున్నాకే నెట్ సెంటర్‌కు వెళ్లాలి.

ఇవి మర్చిపోవద్దు
* ఆధార్‌కు లింకైన మొబైల్ నంబర్ ఉండాలి. నాన్న పాత నంబర్ లింకై ఉంటే ముందే మార్పించుకోవాలి.
* ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పొద్దు. అవి తెలిస్తే మీ ఆప్షన్లు వేరేవాళ్లు మార్చేయొచ్చు.
* సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. లేదంటే వచ్చిన సీటు పోతుంది.