నమ్మీ నమ్మకుండా చదివే నవలలు

హారర్ నవల అయినా, సైన్స్ ఫిక్షన్ నవల అయినా జరగని దాన్ని జరిగినట్టు ఒప్పించాలి. ఒప్పించే దారి మాత్రం రెండింటికీ ఒకటి కాదు. దెయ్యం కథ తెరిచినవాడు తన అనుమానాన్ని చెప్పుల్లాగా గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్తాడు. సైన్స్ ఫిక్షన్ పాఠకుడు దాన్ని చేతిలోనే పట్టుకుని వెళ్తాడు. ఈ యంత్రం ఎలా నడుస్తుంది, ఈ గ్రహం మీద గాలి ఎక్కడిది అని అడుగడుగునా అడుగుతాడు. జవాబు దొరికితేనే ముందుకు కదులుతాడు.

ఈ నవలలు రేపే భయానికీ ఆశ్చర్యానికీ మన దగ్గర పాత పేర్లే ఉన్నాయి. నాట్యశాస్త్రకర్త భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం, బీభత్సం, అద్భుతం ఉన్నాయి. వాటికి మూలమైన స్థాయీభావాలు వరసగా భయం, జుగుప్స, విస్మయం. భయానకం బీభత్సంలోంచి, అద్భుతం వీరంలోంచి పుడతాయని కూడా నాట్యశాస్త్రం చెబుతుంది. హారర్ నవలల్లో నెత్తురు, పురుగులు, కుళ్ళిన మాంసం ఎందుకు అంత తరచుగా కనిపిస్తాయో, అంతరిక్ష కథల్లో సాహసయాత్ర లేకపోతే అవి ఎందుకు చప్పగా ఉంటాయో ఈ ఒక్క మాటతో సగం తేలిపోతుంది.

భయపడటం ఎవరికీ ఇష్టం ఉండదు కదా, మరి డబ్బిచ్చి భయాన్ని కొనుక్కోవడం ఏమిటి? సుమారు వెయ్యేళ్ళ కిందట అలంకారికుడు అభినవగుప్తుడు భరతుడి రససూత్రాన్ని వివరిస్తూ శాకుంతలం మొదటి అంకంలోని జింకను ఉదాహరణగా తీసుకున్నాడు. దుష్యంతుడి బాణానికి భయపడి, మెడ తిప్పి వెనక్కి చూస్తూ పరుగెత్తే జింక అది. ఆ భయం ఫలానా జింకదీ కాదు, చూస్తున్న ప్రేక్షకుడిదీ కాదు. దేశకాలాల నుంచి విడిపోయిన భయం కాబట్టి దాన్ని ఆస్వాదించడం వీలవుతుంది. ఆధునిక మనస్తత్వశాస్త్రం ఇంకో వైపు నుంచి వస్తుంది. డాల్ఫ్ జిల్‌మన్ సిద్ధాంతం ప్రకారం భయంతో శరీరంలో రేగిన ఉద్వేగం ప్రమాదం తప్పగానే చల్లారదు. గుండెదడ ఇంకా ఉండగానే ఊరట వస్తుంది, ఆ దడే ఊరటను రెట్టింపు చేస్తుంది.

తెలుగులో ఈ దడ సంగతి ఎత్తితే మొదట తలుచుకోవలసింది 'తులసిదళం'. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ఈ నవలను ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాశారు. వృత్తిరీత్యా ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. ఈ నవల బిగువు చూస్తే జమాఖర్చులు సరిచూసే చెయ్యే రాసిందని అనిపించకపోదు. తులసి అనే చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం జరుగుతుంది. 'కాష్మోరా' అనే క్షుద్రశక్తి పేరు తెలుగువాళ్ళ నోళ్ళలో పడింది యండమూరి నవలలతోనే. పిల్లను కాపాడటానికి ఒక పక్క వైద్యం, హిప్నాటిజం తెలిసినవాళ్ళు, ఇంకో పక్క మంత్రవిద్య తెలిసినవాళ్ళు తంటాలు పడతారు. రెండు దారులూ చివరిదాకా పక్కపక్కనే నడుస్తాయి.

కథకు బలం ఆ రెండు దారుల్లోనే ఉంది. జరుగుతున్నది జబ్బా, చేతబడా అని పాఠకుడు ఎటూ తేల్చుకోలేని స్థితినే ఈ తరహా సాహిత్యానికి ప్రాణంగా 1970లో త్వెతాన్ తొదొరోవ్ అనే విమర్శకుడు సూత్రీకరించాడు. దెయ్యం నిజమని తేలితే అది పుక్కిటి కథ, జబ్బని తేలితే మామూలు కథ. తేలనంతసేపే ఒళ్ళు జలదరిస్తుంది. తులసిదళం చదివినవాళ్ళలో దెయ్యాలను నమ్మేవాళ్ళూ ఉన్నారు, నమ్మనివాళ్ళూ ఉన్నారు, ఇద్దరికీ పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. దీనికి సీరియల్ పద్ధతి తోడైంది. కథ సరిగ్గా ఉత్కంఠ ముదిరిన చోట ఆగితే, వచ్చే సంచిక దాకా ఏడు రోజులు గడవాలి. ఆ ఏడు రోజుల్లో రచయిత ఒక్క అక్షరం రాయకపోయినా, పాఠకుడి బుర్ర మిగతా భయాన్ని తానే తయారుచేసుకుంటుంది. మొత్తం నవలను ఒక్క రాత్రిలో ఫోన్‌లో ముగించే ఇప్పటి పాఠకుడికి ఆ అనుభవం అందదు.

అందరూ మెచ్చుకోలేదు. రచయిత్రి రంగనాయకమ్మ ఈ నవలపై రాసిన విమర్శకు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము!' అనే పేరు పెట్టారు. పేరులోనే తీర్పు ఉంది. ఆ కోపాన్ని ఛాందసమని కొట్టిపారేయడానికి లేదు. బాణామతి అనే చేతబడి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టడం, పళ్ళు ఊడగొట్టడం, చంపడం కూడా జరిగిన రోజులవి. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని చదివేవాడికి కాష్మోరా ఒక రసం. పక్కింటివాళ్ళ వేలు తన వైపు చూపుతుంటే వణికిపోయే మనిషికి అది రసం కాదు. అభినవగుప్తుడి జింక అక్కడ నిజం జింక అయిపోతుంది. రచయిత రెండు కొసలూ వదిలిపెట్టడం కథాకౌశలమే, కానీ ఏ కొస ఎవరి చేతికి చిక్కుతుందో ఆయన అదుపులో ఉండదు.

సైన్స్ ఫిక్షన్‌కు తెలుగులో ఇంతటి పాఠకగణం ఏర్పడలేదు. యండమూరే 'చీకట్లో సూర్యుడు' రాశారు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడిగా పనిచేసిన వేమూరి వెంకటేశ్వరరావు సైన్స్ కథలు రాస్తూనే శాస్త్రపదాలకు తెలుగు మాటలు కూర్చి నిఘంటువు కూడా తయారుచేశారు. ఆ నిఘంటువులోనే అసలు చిక్కు కనిపిస్తుంది. దెయ్యం, చేతబడి, ముగ్గు, నిమ్మకాయ అన్నవి వినగానే వెన్నులో పాకుతాయి. గురుత్వాకర్షణ అంటే పరీక్షహాలు గుర్తొస్తుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' సినిమా తీసినప్పుడు, ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో ఊహించిన కాలయంత్రాన్ని తిన్నగా 1526 నాటి కృష్ణదేవరాయల కొలువుకు పంపారు. అదే యంత్రం 2504కూ వెళ్తుంది. తెలుగువాడికి కొత్త యంత్రం కంటే ఎరిగిన రాయలవారి దర్శనమే ఎక్కువ అద్భుతమని ఆయన సరిగ్గా పట్టుకున్నారు.

1998 నవంబరులో హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక చదువరి మారాడు. ఆ టవర్స్ చుట్టూ పెరిగిన ఆఫీసుల్లో కోడ్ రాసేవాళ్ళు, దాన్ని పరీక్షించేవాళ్ళు వేలకు వేలు. టెస్టింగ్ చేసే మనిషి నవలను కూడా బగ్‌ల కోసం చదువుతాడు. ఇది తప్పేమీ కాదు. ఆండీ వియర్ అనే ప్రోగ్రామర్ 'ది మార్షియన్' నవలను అధ్యాయం తరవాత అధ్యాయంగా తన సైట్‌లో పెడితే, చదివినవాళ్ళు రసాయన సమీకరణాల్లో తప్పులు చూపించారు, ఆయన దిద్దుకున్నాడు. 2011లో పుస్తకంగా తనే వేసుకున్నాడు. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్నవాడు బంగాళాదుంపలు పండించడానికి నీళ్ళు ఎలా తయారుచేశాడన్న లెక్కలోనే అక్కడ ఉత్కంఠ ఉంది. దెయ్యం కథలో ఇలా లెక్క అడిగితే దెయ్యం పారిపోతుంది.

అయితే భవిష్యత్తులో కూర్చుని పనిచేసేవాడికి భవిష్యత్తును చూపించి ఆశ్చర్యపరచడం కష్టం. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన 'ది మెషీన్ స్టాప్స్' పెద్దకథలో మనుషులు భూమి లోపల తేనెపట్టు గదుల్లాంటి గదుల్లో ఒక్కొక్కరుగా బతుకుతారు, ఒకరి ముఖం ఒకరు పలక మీద చూసుకుంటారు, ఉపన్యాసాలు అక్కడినుంచే ఇస్తారు. దూరాన ఉన్న కొడుకు తల్లితో, నిన్ను యంత్రంలో కాదు, ఎదురుగా చూడాలని ఉంది, రమ్మంటాడు. రాసిననాడు అది విడ్డూరం. 2020 మార్చిలో సైబరాబాద్ ఆఫీసులన్నీ ఖాళీ అయి, మీటింగులు పడకగదుల్లోకి వచ్చినప్పుడు ఆ కథలో మిగిలింది విస్మయం కాదు, గుర్తుపట్టడం. అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకైతే ఆ కొడుకు మాట అంతకు ముందునుంచీ తెలిసినదే.

హారర్‌కు ఈ ఇబ్బంది లేదు. పాడుబడ్డ బంగళా లేకపోతే అపార్ట్‌మెంట్‌తో సరిపెట్టుకుంటుంది. అమెరికా రచయిత మార్క్ డానియెలెవ్‌స్కీ 2000లో ప్రచురించిన 'హౌస్ ఆఫ్ లీవ్స్'లో ఒక ఇంటిని కొలిస్తే లోపలి కొలత బయటి కొలత కంటే పావు అంగుళం ఎక్కువ తేలుతుంది. అంతే, భయం అక్కడ మొదలవుతుంది. తరవాత గోడలో తలుపు పుడుతుంది, నడవ పెరుగుతుంది. పుటల్లో అక్షరాలు కూడా అడ్డంగా, తలకిందులుగా పరుగెడతాయి, చదివేవాడు పుస్తకాన్ని చేతుల్లో తిప్పుకుంటూ దారి తప్పుతాడు. సూపర్ బిల్టప్‌కు డబ్బు కట్టి కార్పెట్ ఏరియాతో సరిపెట్టుకునే కొండాపూర్ కొనుగోలుదారుకు మాత్రం లోపల జాగా ఎక్కువ వచ్చిందంటే మొదట సంతోషమే కలుగుతుంది. భయం కలగడానికి ఆ నడవలో లైటు ఆరిపోయేదాకా ఆగాలి.