చదవనిస్తారా, చదవగలనా: సార్వత్రిక ఇంటర్ విద్యార్థులకు వైద్యవిద్యలో అర్హత, అవకాశం

ఉపోద్ఘాతం:

అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక దుస్తుల పరిశ్రమలో షిఫ్టుల్లో పనిచేస్తూ, సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్మీడియట్ పూర్తిచేసిన ఒక యువతి నన్ను అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. "ఓపెన్‌లో ఇంటరు పాసైనవాళ్లని డాక్టరు చదవనిస్తారా సార్?" ఆమె 'చదవగలనా' అనలేదు, 'చదవనిస్తారా' అంది. 'చదవనిస్తారా' అన్నది అర్హతను గురించిన ప్రశ్న, 'చదవగలనా' అన్నది అవకాశాన్ని గురించిన ప్రశ్న. అధ్యాపకులం ఈ రెండింటికీ కలిపి "కష్టమమ్మా" అని ఒకే జవాబు చెప్పి పంపిస్తుంటాం. ఆ జవాబులో సగం ఇప్పుడు నిజం కాదు.

నిచ్చెన ఉన్న కాలం:

చిన్న చదువు నుంచి పెద్ద చదువుకు మెట్లెక్కి వెళ్లే పద్ధతి మన వైద్యవిద్యకు కొత్తది కాదు. విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల ఏర్పడేనాటికి మద్రాసు రాజధానిలో రెండు అంచెలుండేవి. కళాశాలలు ఎం.బి.బి.ఎస్. పట్టభద్రులను తయారుచేస్తే, వైద్య పాఠశాలలు ఎల్.ఎం.పి. వైద్యులను తయారుచేసేవి. పల్లెలను నమ్ముకున్నవారిలో ఎక్కువమంది ఈ రెండో తరగతివారే. 1946నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో నమోదైన సుమారు 47,500 మంది వైద్యుల్లో మూడింట రెండువంతులకు దగ్గరగా ఎల్.ఎం.పి. స్థాయివారే ఉన్నారు. వైద్యులందరికీ ఒకే స్థాయి చదువు ఉండాలని కమిటీ సూచించడంతో పాఠశాలలు క్రమంగా మూతపడ్డాయి. అప్పటికే ఎల్.ఎం.పి. అయినవారు కండెన్స్‌డ్ కోర్సు చదివి ఎం.బి.బి.ఎస్. పొందే వీలుండేది. పాత చదువు వృథా కాకుండా కొత్త చదువులో కలిసేది. ఆ తరం గడిచాక నిచ్చెననూ తీసేశారు. నాణ్యత రీత్యా కమిటీ సూచన సరైనదే కావచ్చు; నిచ్చెన అవసరం కూడా తీరిపోయిందనుకోవడమే పొరపాటని నా అభిప్రాయం.

అమెరికాలో ఆ నిచ్చెన వేరే రూపంలో ఉంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివి, ఆ క్రెడిట్లతో విశ్వవిద్యాలయానికి బదిలీ అయి, డిగ్రీ ముగించి వైద్య కళాశాలకు దరఖాస్తు చేయవచ్చు. 2014లో 'అకడమిక్ మెడిసిన్' పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం 2012లో వైద్యవిద్యలో చేరినవారిని పరిశీలించింది. వారిలో నాలుగోవంతుకు పైబడి ఏదో ఒక దశలో కమ్యూనిటీ కాలేజీలో చదివినవారే. అయితే హైస్కూలు ముగియగానే అక్కడ చదువు మొదలుపెట్టినవారికి సీటు దక్కే సంభావ్యత తక్కువగా ఉంది. వెనుకబడిన ప్రజల మధ్య పనిచేయాలన్న కోరిక మాత్రం వారిలోనే ఎక్కువ. దరఖాస్తుతోపాటు చదివిన ప్రతి కళాశాల మార్కుల పత్రమూ జతచేయాలి కనుక, అక్కడ గతం క్రెడిట్‌గానూ వెంట వస్తుంది, మచ్చగానూ వెంట వస్తుంది.

మన దగ్గర రెండు విధాలుగానూ రాదు. ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినా, బి.ఎస్సీ. చదివినా ఎం.బి.బి.ఎస్.లో ఒక్క సెమిస్టరు తగ్గదు. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. నీట్‌లో అదీ లేదు. కనీస మార్కులు దాటితే చాలు, ఆ తర్వాత 720 మార్కుల పరీక్షలో వచ్చిన ర్యాంకే లెక్క. ఇంటరు ఎక్కడ చదివారని అక్కడ ఎవరూ అడగరు.

నిబంధనల పరిణామం:

ఆ పరీక్ష దాకా వెళ్లనివ్వడమే ఒక దశలో ప్రశ్నార్థకమైంది. భారత వైద్యమండలి 2018 జనవరిలో చేసిన సవరణ ఓపెన్ స్కూల్ విద్యార్థులనూ, ప్రైవేటుగా పరీక్ష రాసినవారినీ నీట్‌కు అనర్హులను చేసింది. అదే ఏడాది మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఈ నిషేధాన్ని కొట్టివేసింది. దానిపై అప్పీలును సుప్రీంకోర్టు 2024 మార్చిలో ముగించడంతో గుర్తింపు పొందిన ఓపెన్ స్కూళ్ల విద్యార్థుల అర్హత స్థిరపడింది. ఈ మధ్యకాలంలోనే 2022 మార్చిలో గరిష్ఠ వయోపరిమితి తొలగింది. ఇంటరు తర్వాత అదనపు సబ్జెక్టులుగా చదివిన బయాలజీ వంటివి కూడా చెల్లుతాయని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. ఉద్యోగంలో ఉండి ఆలస్యంగా చదువుకునేవారికి ఈ మూడూ కలిస్తేనే దారి.

స్థానికత విషయంలోనూ అనుమానాలు వస్తుంటాయి. 1974నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. ఏ విద్యాసంస్థలోనూ చదవనివారి సంగతి? వారికి నివాసమే ప్రమాణమని ఆ ఉత్తర్వే చెబుతోంది. అనకాపల్లి జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది. బడి ధ్రువపత్రం లేనంత మాత్రాన ఇక్కడి విద్యార్థి స్థానికేతరురాలు కాదన్నమాట.

అవకాశం:

ఇక 'చదవగలనా' అన్న ప్రశ్న. నీట్‌లో 360 మార్కులు బయాలజీవే అయినా, ర్యాంకును తేల్చేది తరచుగా భౌతికశాస్త్రమే. దానికి పాఠం చెప్పేవారు కావాలి. లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటే ఏడాదిపాటు జీతం వదులుకోవడం. 2017 నుంచి ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తోంది. కానీ అనువాదంలో తేడా వస్తే ఆంగ్ల పాఠమే ప్రామాణికం, ప్రవేశం దొరికాక చదువంతా ఆంగ్లంలోనే. ఉస్మానియాలో ఒకనాడు ఉర్దూలో వైద్యం బోధించారన్న సంగతి మనం సభల్లో గుర్తుచేసుకోవడానికే పరిమితమైంది.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్ణం. 2023లో విజయనగరంతో సహా అయిదు చోట్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒక్కోటి 150 సీట్లతో మొదలయ్యాయి. వాటిలో అఖిలభారత కోటా 15 శాతం పోగా, మిగిలినవాటిలో సగమే కన్వీనర్ కోటా, అంటే 64 దాకా. ఆ ఏడాది ఉత్తర్వుల ప్రకారం ఈ సీటుకు సంవత్సరానికి 15 వేల రూపాయలు, బి కేటగిరీ సీటుకు 12 లక్షలు. పరిశ్రమలో నెలజీతం మీద బతికే కుటుంబానికి రెండోది లేనట్టే. అందువల్ల ఆమెకున్న అవకాశాన్ని 150తో కాక 64తో, ఆ 64లోనూ తన రిజర్వేషన్ వర్గానికి వచ్చే సీట్లతో లెక్కించాలి.

ఈ వివరాలన్నీ ఆ యువతికి చెప్పి, మార్కుల పత్రం చూపించమన్నాను. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడూ ఉన్నాయి, ప్రాక్టికల్స్‌తో సహా. భాషగా తెలుగు ఒక్కటే తీసుకుంది. నీట్ అర్హతకు ఇంటర్ స్థాయిలో ఇంగ్లీషు తప్పనిసరి. తెలుగు చెప్పుకొని బతికే నేను ఆమెకు చెప్పవలసివచ్చిన మొదటి పని, ఇంగ్లీషును అదనపు సబ్జెక్టుగా కట్టి రాయమనడం. 2023 నాటి ప్రకటనలో అదనంగా చదవదగిన సబ్జెక్టుల్లో ఇంగ్లీషూ ఉంది. "అది తప్ప ఇంకేం అడ్డం లేదా సార్?" అంది. అర్హతకు లేదన్నాను.