సున్నం తీర్చే బాకీ

పండుగ ముందు గోడలకు సున్నం వేయడం మన ఊళ్లలో పాత అలవాటు. సున్నం ఎలా కలుపుతారో మీలో కొందరు చూసే ఉంటారు. తొట్టిలో తెల్లటి గడ్డలు వేసి నీళ్లు పోస్తారు. కాసేపటికి గడ్డలు బుసబుసమంటూ పగులుతాయి, ఆవిరి లేస్తుంది, నీళ్లు కుతకుత ఉడుకుతాయి. తొట్టి కింద పొయ్యి లేదు. గడ్డలు చల్లనివే, నీళ్లూ చల్లనివే. మరి ఈ వేడి ఎక్కడిది?

ఆ సంగతి తెలియాలంటే సున్నపు బట్టీ దగ్గరికి పోవాలి. అక్కడ సున్నపురాయిని బొగ్గు వేసి కాలుస్తారు. సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రాయి రెండుగా విడిపోతుంది. బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోతుంది, పొడిసున్నం మిగులుతుంది. 100 గ్రాముల రాయిలో 44 గ్రాములు వాయువుగా పోగా, 56 గ్రాముల సున్నం మిగులుతుంది. అందుకే కాలిన గడ్డ రాయికన్న తేలిక.

అయితే రాయి ఊరికే విడిపోదు. 100 గ్రాముల రాయి విడిపోవడానికి సుమారు 43 పెద్ద కేలరీల వేడిని తాగుతుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేంత వేడిని పెద్ద కేలరీ అంటారు. ఇలా వేడిని తీసుకునే మార్పుకు ఉష్ణగ్రాహక చర్య అని పేరు. తాగిన ఆ వేడి పైకి కనిపించదు. విడిపోయిన సున్నంలోను, వాయువులోను శక్తి రూపంలో దాగి ఉంటుంది. అది బొగ్గు దగ్గర చేసిన బాకీ అనుకోండి. గడ్డ చల్లారినా బాకీ చల్లారదు!

నీళ్లు పోసినప్పుడు మొదటి వాయిదా చెల్లుతుంది. 56 గ్రాముల సున్నం 18 గ్రాముల నీటితో కలిసి తడిసున్నం అవుతూ, సుమారు 16 పెద్ద కేలరీలు ఇచ్చేస్తుంది. 20 డిగ్రీల వేడి గల గ్లాసెడు నీళ్లను, అంటే 200 గ్రాముల నీటిని, మరిగే దాకా తేవడానికి అది చాలు. ఇలా వేడిని విడిచే మార్పు ఉష్ణమోచక చర్య.

రెండో వాయిదా గోడ మీద చెల్లుతుంది. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని, తాగిన నీటిని వదిలేసి, మళ్లీ సున్నపురాయి అవుతుంది. అప్పుడు సుమారు 27 పెద్ద కేలరీలు వెలువడతాయి. రోజుల తరబడి కొద్దికొద్దిగా రావడం మూలాన, గోడను తాకినా ఆ వేడి మనకు తెలియదు.

ఇప్పుడు 16, 27 కూడి చూడండి. సరిగ్గా 43! బాకీ పూర్తిగా తీరిపోయింది.

1802లో జెనీవాలో పుట్టి, రష్యాలో పని చేసిన జెర్మేన్ హెస్ అనే శాస్త్రజ్ఞుడు 1840లో ఈ సూత్రాన్ని చెప్పాడు. ఒక మార్పు ఒకే మెట్టులో జరిగినా, నాలుగు మెట్లలో జరిగినా, మొత్తం మీద వేడి లెక్క ఒక్కటే.

పెద్దలు సున్నం కలిపేటప్పుడు మిమ్మల్ని దూరంగా పొమ్మనడం ఊరికే కాదు. ఉడికే సున్నం ఎగిరి కంట్లో పడితే చూపే పోవచ్చు. చల్లారిన తడిసున్నం కూడా, చివరకు తాంబూలంలోకి వాడే సున్నం కూడా, కంటికి శత్రువే. పొరపాటున పడితే కన్ను నులమకూడదు. వెంటనే మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 20 నిమిషాలు కడగాలి. ఆ తరువాత ఆలస్యం చేయక వైద్యుడికి చూపించాలి.

సున్నంతో ఆటలు వద్దు గాని, ఇంట్లో మరొకటి చేసి చూడవచ్చు. గ్లాసులో నిమ్మరసం పిండి, అందులో చెంచాడు తినే సోడా వేయండి. బుసబుస పొంగుతుంది. వేడెక్కిందనుకుంటారు. వేలు పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది! ఈ మార్పు తనకు కావలసిన వేడిని ఎవరి దగ్గర బాకీ తీసుకున్నదో ఇప్పుడు మీరే చెప్పగలరు.