వజ్రాల నేలపై రాతి మాట

తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తారు. వాన కడిగిన మట్టిలో వజ్రం మెరుస్తుందేమోనని ఆశ. అప్పు తీరుతుందని వచ్చే పేదలను చూసి నవ్వలేం.

యోబు గ్రంథం 28వ అధ్యాయం వీరిని చూసి రాసినట్టే ఉంటుంది. మనిషి కొండలు తొలిచి బంగారం, నీలాలు వెలికితీస్తాడు గానీ జ్ఞానం దొరికే చోటు ఎరుగడంటాడు యోబు.

ఇదే మండలంలోని ఎర్రగుడి దగ్గర, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు బండలపై చెక్కించిన శాసనాలున్నాయి. 14 ప్రధాన శాసనాలు, వాటితోపాటు చిన్న శాసనాలు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు సాగడం విచిత్రం! తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణులపై దయ చూపాలి, సత్యం పలకాలి అని అందులో ఉంది. సీనాయి ఆజ్ఞలు గుర్తుకు రావడం లేదూ? అశోకుడు బౌద్ధుడే. అయినా మంచిని మంచి అనడానికి మనకు జంకెందుకు?

ఆ మాటలను భేరి మోగించి పల్లె ప్రజలకు వినిపించమనీ రాజు ఆదేశించాడు. కాలక్రమంలో ఆ లిపి చదివేవారే లేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దాని గుట్టు విప్పారు. 1929లో భూగర్భ శాస్త్రవేత్త అనూ ఘోష్ కంటపడేదాకా ఎర్రగుడి బండల సంగతి లోకానికి తెలియలేదు. మాట చెరగలేదు, చదువరులే కరవయ్యారు. మన ఇంటి గూట్లోని బైబిలు తెలుగులోనే ఉంది కదా, దాని సంగతేమిటి?

తొలకరికి అటు వెళ్లే విశ్వాసులు ఒక పూట ఆ బండల దగ్గర ఆగండి. పిల్లలకు ఆ వరుసలు చూపించి, అక్కడే యోబు 28 చదివి వినిపించండి.