కదపకూడని 20 నిమిషాలు

కోయిలకుంట్ల చుట్టూ నల్లరేగడి చేలు. చేలో వంగి పనిచేసే మనిషిని పాము కరిస్తే ఇంటివాళ్ళు బండెక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తుతారు. అక్కడ జరిగే తొలి పరీక్షకు పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా జారిందంటే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లో పనిచేస్తోందని గుర్తు. ముందే కదిపినా, టైము మరచిపోయినా పరీక్ష చెడిపోతుంది.

ఆ గొట్టం మీద ఒక కన్నేసి ఉంచాల్సింది సాధారణంగా డ్యూటీలో ఉన్న నర్సే. అదే సమయంలో పక్కగదిలో ఒకామెకు కాన్పు నొప్పులు ఎక్కువవుతుంటాయి. పురుగుమందు తాగిన మనిషికి కొద్ది నిమిషాలకోసారి అట్రోపిన్ ఇస్తూ నాడి, కంటిపాపలు, ఛాతీలో గురగుర గమనించాలి. వాకిట్లోంచి "సిస్టరమ్మా, మావోణ్ణి ఒకసారి చూడమ్మా" అని పిలుపు. ఈ పనులన్నిటికీ మూలం ఒక్కటే, శ్రద్ధ. మందుల అలమరలో దొరకని ఆ సరుకు అయిపోతే ఏమవుతుందన్నదే ఈ వ్యాసం.

వట్టిపోవడం అంటే

1974లో న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో పనిచేస్తున్న మానసిక శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఎంతో ఇష్టంగా సేవకు వచ్చినవాళ్ళే కొన్నాళ్ళకు నీరసించి విసుగెత్తిపోవడం గమనించి, దానికి 'బర్నౌట్' అని పేరు పెట్టారు. మన మాటల్లో దీనికి దగ్గరగా ఉన్నది 'వట్టిపోవడం'. తోడే నీళ్ళకూ ఊరే నీళ్ళకూ పొంతన ఉన్నంతకాలం బావి బతుకుతుంది. రాత్రీపగలూ మోటారు ఆపకుండా తోడితే ఎంత మంచి ఊట బావైనా వట్టిపోతుంది. తప్పు బావిది కాదు.

1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే 22 అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. వాళ్ళు గుర్తించిన లక్షణాలు మూడు. మనసు పూర్తిగా అలసిపోవడం మొదటిది. రోగి మనిషిగా కాక 'మూడో నంబరు మంచం'గా కనిపించడం రెండోది. ఎంత చేసినా ఏం లాభం అనిపించడం మూడోది. ఈ రెండో లక్షణాన్నే మనం బయటినుంచి చూసి "ఆ నర్సుకు పొగరు" అంటాం. చాలాసార్లు అది పొగరు కాదు, ఇక తట్టుకోలేని మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న గడియ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నౌట్‌ను వ్యాధిగా కాక పనిచేసే చోట పుట్టే స్థితిగా నిర్వచించింది. సర్దుబాటు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలపు పని ఒత్తిడే దానికి మూలమని చెప్పింది. కాబట్టి వైద్యం కూడా పనిచేసే చోటే మొదలుకావాలి.

ఒంట్లో జరిగేది

ఆపద ఎదురైనప్పుడు మెదడు ఇచ్చే సంకేతంతో మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం, చురుకుదనం పెరుగుతాయి. ఆపద గడిచాక శరీరం మళ్ళీ నెమ్మదించాలి. ఆ నెమ్మదించే వ్యవధి దొరక్కపోతే నిద్ర, జ్ఞాపకం, రోగనిరోధక శక్తి ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి.

నైట్ డ్యూటీ దీనికి తోడవుతుంది. మన ఒంట్లోని గడియారపు రోజు 24 గంటలకన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ. అందుకే నిద్రను ఆలస్యం చేయడం తేలిక, ముందుకు లాగడం కష్టం. డ్యూటీలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్న వరసలో మారితే శరీరం కొంతైనా సర్దుకుంటుంది. ఆ వరసను తిరగేస్తే ఒళ్ళు మొరాయిస్తుంది.

ఇంకో నొప్పి ఒంటిలో కనిపించదు. చేయాల్సిందేమిటో తెలిసీ చేయలేకపోవడం వల్ల కలిగే క్షోభకు 1984లో తత్త్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్, నర్సుల గురించి రాస్తూ 'నైతిక వేదన' అని పేరు పెట్టారు. తొలి కాన్పు తల్లి పక్కన కూర్చుని పాలు పట్టడం నేర్పాలని నర్సుకు తెలుసు. కూర్చునే తీరికే లేదు. ఆ బాధ ఆమెతోపాటే ఇంటికొస్తుంది. ఇంటి దగ్గర పొయ్యి, పిల్లలు, ముసలివాళ్ళు. అది రెండో డ్యూటీ.

వేళ్ళ మీద లెక్క

2012 నాటి జాతీయ ప్రమాణాలు 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి 10 మంది స్టాఫ్ నర్సులు ఉండాలన్నాయి. ఒక్క ఖాళీ కూడా లేదనే అనుకుందాం. ఒక్కొక్కరు వారానికి ఆరు డ్యూటీలు చేస్తే మొత్తం 60. రోజుకు మూడు షిఫ్టుల చొప్పున వారానికి 21 షిఫ్టులు. అంటే షిఫ్టుకు ముగ్గురు కూడా నిండరు. సెలవులు, జ్వరాలు, శిక్షణలు తీసేస్తే ఇద్దరు మిగులుతారు. ఒకరు కాన్పుల గదిలో ఉంటే 30 పడకలకూ, అత్యవసరంగా వచ్చేవారికీ రెండో మనిషి ఒక్కతే. పడకలన్నీ నిండిన రాత్రి ఆ గాజు గొట్టాన్ని ఎవరు చూడాలి?

ఈ లెక్క ప్రాణాలతో ముడిపడినదని 2002లో లిండా ఐకెన్ బృందం చూపింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలిస్తే, నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగినకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం, నర్సులు వట్టిపోయే అవకాశం 23 శాతం పెరిగాయి. ఒక నర్సుకు ఎంతమంది రోగులన్నదానికి హద్దు పెడుతూ కాలిఫోర్నియా 1999లోనే చట్టం చేసి, 2004 నుంచి అమలుచేసింది. అక్కడ సాధారణ వార్డులో ఒక నర్సుకు అయిదుగురు రోగులు, ఐసీయూలో ఇద్దరు మించకూడదు.

ఏం చేయాలి

ధ్యానం, యోగా, శ్వాస సాధన మేలు చేస్తాయి. వాటితో సరిపెట్టుకుంటే మాత్రం మోటారు ఆపకుండా బావికి పూజ చేసినట్టే. వైద్యుల మీద జరిగిన అధ్యయనాలను 2017లో ఒకచోట చేర్చి చూస్తే, వ్యక్తికి ఇచ్చే శిక్షణ కన్నా పని ఏర్పాట్లను మార్చడమే ఎక్కువ ఫలితమిచ్చింది. నర్సుల విషయంలోనూ ముందు చూడాల్సింది అక్కడే.

ఖాళీలు నింపడం మొదటి మందు. అది పై అధికారుల చేతిలో పని. ఆసుపత్రి స్థాయిలో ఈ రోజే చేయగలిగినవీ ఉన్నాయి. డ్యూటీ చార్టు నెల ముందే ఇవ్వాలి, అది వేసేటప్పుడు నర్సుల మాట వినాలి. నైట్ డ్యూటీ దిగిన మనిషిని మర్నాడు పొద్దున్నే పిలవకూడదు. తలుపు గడియ పడే విశ్రాంతి గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. రిజిస్టర్ల రాతపనికి వేరే మనిషిని ఇవ్వాలి. రోగి చనిపోయిన రోజున, తప్పెవరిదన్న విచారణ కాకుండా, తోటివాళ్ళంతా కూర్చుని మాట్లాడుకునే కాసింత వేళ కావాలి. దాడి జరిగితే యాజమాన్యమే ఫిర్యాదు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2008 నాటి చట్టం ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి మూడేళ్ళ దాకా జైలు శిక్ష విధిస్తుంది. బాధ మితిమీరి నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి పుడితే, 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మనవంతూ ఉంది. రోగి వెంట ఒక్కరే లోపలికి వెళ్దాం. గొంతు తగ్గించి అడుగుదాం. డిశ్చార్జి రోజున పేరు తెలుసుకుని ఒక మంచిమాట చెబుదాం.

రాత్రి డ్యూటీ మధ్యలో 20 నిమిషాల కునుకు తీసినా చురుకుదనం తిరిగొస్తుందని నిద్రశాస్త్రం చెబుతోంది. ఆ కునుకు తీయాలంటే తన చోట నిలబడడానికి ఇంకో మనిషి ఉండాలి. పాము కరిచిన మనిషి రక్తాన్ని 20 నిమిషాలు కదపకుండా కాపాడే సిస్టర్‌కు, ఎవరూ కదపని 20 నిమిషాలు మనం ఇవ్వగలగాలి.