భూమి గాలించిన లోహం

మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె తుప్పు పట్టదు. కారణం అందులో కలిపిన క్రోమియం. నూటికి కనీసం పదిన్నర పాళ్ళు క్రోమియం ఉంటేనే ఆ ఉక్కుకు ఆ పేరు చెల్లుతుంది. ఈ లోహం క్రోమైట్ అనే నల్లని, బరువైన ఖనిజం నుంచి వస్తుంది. మన దేశంలోని క్రోమైట్ నిల్వల్లో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఒడిశాలోనే ఉన్నాయి. అందులో అధికభాగం జాజ్‌పూర్ జిల్లాలోని సుకిందా లోయలో ఉంది. అక్కడ ఈ ఖనిజాన్ని 1949లో గుర్తించారు.

ఇంత లోహం ఒక్కచోటికే ఎలా చేరింది?

భూమి లోతుల్లో కరిగిన రాతి ద్రవాన్ని మాగ్మా అంటారు. అది అగ్నిపర్వతంగా బయటపడకుండా రాళ్ళ మధ్యనే మడుగు కట్టి నిలిచిపోతే, చల్లారడానికి వేల ఏళ్ళు పడుతుంది. అన్ని ఖనిజాలూ ఒకేసారి గట్టిపడవు. ఎక్కువ వేడిలోనే గట్టిపడే ఆలివిన్, క్రోమైట్ ముందుగా పలుకులు కడతాయి. బియ్యం గాలిస్తే రాళ్ళు అడుగున మిగిలినట్టు, ఈ బరువైన పలుకులు మడుగు అడుగుకు దిగుతాయి. వాటిపైన తరువాతివి చేరతాయి. అలా పొర మీద పొర ఏర్పడుతుంది.

అయితే మామూలుగా ఆలివిన్‌తో పాటు పుట్టే క్రోమైట్ నూటికి ఒకటి రెండు పాళ్ళే. మరి అచ్చంగా క్రోమైట్ పొర ఎలా వచ్చింది? సగం చల్లారిన మడుగులోకి కొత్త మాగ్మా వచ్చి కలిస్తే, కొంతకాలం క్రోమైట్ ఒక్కటే పలుకులు కడుతుందని ఇర్విన్ అనే శాస్త్రజ్ఞుడు 1977లో వివరించారు. పలుకులు పైనుంచి దిగలేదు, అడుగునే పుట్టి పెరిగాయనే వారూ ఉన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు.

ప్లాటినం కథ వేరు. మాగ్మాలో గంధకం కరగగలిగిన దానికన్నా ఎక్కువైతే, చారులో నూనె చుక్కల్లా సల్ఫైడు చుక్కలు విడిపోతాయి. నూనె తేలుతుంది, ఇవి మాత్రం మునుగుతాయి. దారిలో నికెల్, రాగి, ప్లాటినాలను తమలోకి లాక్కుంటాయి. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ దీనికి పేరెన్నికగన్నది. సుమారు 205 కోట్ల ఏళ్ళ నాటి ఆ శిలల మందం ఏడెనిమిది కిలోమీటర్లు. అందులో ప్లాటినం ఉన్న పొర చాలాచోట్ల మీటరుకు అటూ ఇటూ మాత్రమే. 1924లో కనుగొన్న ఆ పొరకు మెరెన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుని పేరు పెట్టారు.

ఇలాంటి పొరల శిలలు మనవాళ్ళు నివసించే చోట్లకు దగ్గరలోనే ఉన్నాయి. బొమ్మలకు పేరుపొందిన కొండపల్లి కొండల్లో, కర్ణాటకలో హాసన్ జిల్లా బైరాపురలో క్రోమైట్ ఉంది. తమిళనాడులో నామక్కల్ జిల్లా సిత్తంపూండి పొరల్లో క్రోమైట్‌తో పాటు చంద్రుని మీది రాళ్ళను పోలిన అనార్థొసైట్ కూడా ఉంది. చంద్రయాన్-2 పరీక్షల కోసం ఇస్రో ఆ రాతి నుంచే కృత్రిమ చంద్రమృత్తిక తయారుచేసింది.

రాతిలో ఉన్నంతకాలం క్రోమైట్ దాదాపు హాని చేయదు. తవ్వి పోసిన గుట్టల మీదుగా వాన నీరు పారితే, కొంత క్రోమియం ఆరు వేలెన్సీ రూపంలోకి మారి నీటిలో కరుగుతుంది. అది విషం, క్యాన్సర్ కారకం. సుకిందాలోని దామ్‌సాల వాగు ఇలాగే కలుషితమైంది. ఆ వాగు బ్రాహ్మణి నదిలో కలుస్తుంది. 2007లో ఒక అమెరికన్ సంస్థ ప్రపంచంలోని అతి కలుషిత ప్రదేశాల జాబితాలో సుకిందాను చేర్చింది. గని నీటిని ఫెర్రస్ సల్ఫేటుతో శుద్ధి చేస్తే ఆ విషాన్ని తగ్గించవచ్చు. గనులున్న చోట కాపురముండేవారు తాగే నీటిని పరీక్ష చేయించుకోవడం, గని నీటిని శుద్ధి చేసి వదులుతున్నారో లేదో అడిగి తెలుసుకోవడం అవసరం.